మటన్ స్ట్రీట్ గడియారాలు

ముంబయి చోర్‌బజారులో మటన్ స్ట్రీట్ అని ఒక వీధి ఉన్నది. అక్కడ గ్రామఫోను బూరాల నడుమ గోడగడియారాలు బారులు తీరి, తలా ఒక వేళ చూపుతూ ఉంటాయి. అన్నీ నూరేళ్ళనాటివేనట!

ముఖం చూసి మురిసిపోరాదు. ఆన్సోనియా అన్న పేరును డయలుమీద ఎవరైనా అచ్చు వేయవచ్చు. ఆ అమెరికా కంపెనీ యంత్రసామగ్రి 1929లోనే రష్యాకు అమ్ముడుపోయింది. లోపలి ఇత్తడిపలకమీద కొట్టిన ముద్ర ఉన్నదా, చూడండి. స్క్రూల తలలమీద కూడికగుర్తు వంటి గాడి ఉంటే అది 1930ల తరువాతి సరుకు. ఒకటి రెండు ఎవరో మార్చి ఉండవచ్చు. అన్నీ అవే అయితే ఇక సందేహమెందుకు? తాళంచెవి దూర్చే రంధ్రం చుట్టూ గీతలుండాలి. ఏళ్ళ తరబడి కీ ఇచ్చిన చేయి గుర్తు వదలకుండా ఉంటుందా?

నా వెంట వచ్చిన మిత్రుడు, తండ్రిగారి కాలంలో తమ ఇంట గంటలు కొట్టిన గడియారం వంటిదానికై వెదుకుతున్నాడు. ఒకటి నచ్చింది, డబ్బు తీయబోయాడు. తలుపు తీయించాను. వెనుక చెక్కకు నాలుగు ఖాళీ రంధ్రాలు! అంటే పెట్టె ఒకదానిది, యంత్రం మరొకదానిది. పూర్తి నకలుకంటె ఇటువంటి అతుకును పట్టుకోవడమే కష్టం. దుకాణదారు బుకాయించలేదు, నవ్వి, ధర సగం చేశాడు. మిత్రుడు కొన్నాడు. గంట మాత్రం నాన్నగారి గడియారంలాగే కొడుతున్నదట.