ఉల్టా కాలు

మా ఇళ్లల్లో కుడిచేయి సీధా హాత్, ఎడమచేయి ఉల్టా హాత్. కాళ్లకూ అంతే. సీధా పాఁవ్, ఉల్టా పాఁవ్. తెలుగు మీడియం బడికి పోయాక ఈ ఉల్టాకు ఇంకో అర్థం ఉందని తెలిసింది. "మీయన్నీ ఉల్టానే గదరా! రాసుడు ఉల్టా, చదువుడు ఉల్టా" అని నవ్వేవాళ్లు. పొద్దున మసీదులో అలిఫ్ బే కుడి నుంచి, పది గంటలకు బడిలో అఆలు ఎడమ నుంచి. రెండూ మాకు వచ్చు. నవ్వేవాళ్లకు ఒకటే వచ్చు. అయినా నవ్వులపాలైంది మేమే.

ఆ మాటను తిట్టులోంచి బయటికి తీసి మాకిచ్చింది ఒక ముసలాయన. చంచల్‌గూడలో సాయంత్రం అసర్ నమాజు అయ్యాక మైదానానికి వచ్చేవాడు. ఏనాడో పోలీసు టీములో ఆడినవాడు. అందరం చాచా అనేవాళ్లం. వారంలో ఒకరోజు మా అందరి కుడికాలికి గుడ్డపీలిక కట్టేవాడు. గుడ్డ కట్టిన కాలికి బంతి తగిలితే ఫౌల్. ఎడమకాలితోనే ఉరకాలె, ఆపాలె, కొట్టాలె. బంతి ఎటు కొడితే ఎటో పోయేది. ఏడుపొచ్చేది. "సీధా పాఁవ్ అల్లా దియా బేటా. ఉల్టా పాఁవ్ తుమే కమానా" అనేవాడు. కుడికాలు దేవుడిచ్చిండు, ఎడమది నువ్వు సంపాదించుకోవాలె అని.

"ఇది నా అకల్ కాదు. రహీం సాబ్ పెట్టిన సబక్" అని కూడా అనేవాడు. ఆ రహీం సాబ్ ఎవరో మాకు తెలియదు. మా గల్లీలో అరడజను మంది రహీంలు ఉండేవాళ్లు. వాళ్లలో ఒకరనుకున్నాం.

తెలిసేసరికి మేం పత్రికలో పని చేస్తున్నాం.

సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాద్‌లో పుట్టారు. ఉస్మానియాలో ఆర్ట్స్ చదివి బడిపంతులయ్యారు. ఆయన పాఠాలు చెప్పిన బళ్లలో మా చంచల్‌గూడ హైస్కూలు ఒకటి. 1943 నుంచి చనిపోయేదాకా హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. 1950 నుంచి సిటీ పోలీసు జట్టుకు కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి వెళ్లి రోవర్స్ కప్పు గెలుచుకొచ్చింది. ఆయన కోచ్‌గా దేశం జట్టు 1951లో ఢిల్లీలో, 1962లో జకార్తాలో ఆసియా క్రీడల బంగారం తెచ్చింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి సెమీఫైనల్ చేరి, నాలుగో స్థానంలో నిలిచింది. 1963 జూన్ 11న క్యాన్సర్‌తో పోయారు.

ఈ లెక్కలు ఇప్పుడు అందరికీ తెలుసు. 2024లో హిందీ సినిమా కూడా వచ్చింది. మేం చెప్పాలనుకున్నది కప్పుల సంగతి కాదు. పిల్లల్ని ఎట్లా పెంచారన్నది.

ఆయన ఉత్త ఎడమకాలితోనే ఆడాల్సిన పోటీలు పెట్టారు. కుడికాలు బలహీనమైనవాడికి కుడికాలు. డ్రిబ్లింగ్ చెయ్యగూడని పోటీలు పెట్టారు. బంతిని నీ దగ్గరే తిప్పుకుంటూ షోకు చెయ్యొద్దు, వెంటనే పక్కవాడికియ్యి అని. పక్కవాడు ఎవరని అడగొద్దు. బడి నుంచి లీగుకు, లీగు నుంచి పోలీసు జట్టుకు దారి. జట్టులోకి వస్తే నౌకరీ. నౌకరీ ఉంటే ఇంట్లో పొయ్యి వెలిగేది. అప్పుడు తల్లి పిల్లవాణ్ని మైదానానికి పంపేది. మనం ఇవాళ అకాడమీ అంటున్నది ఇదే. బోర్డు లేదు, హాస్టల్ లేదు, ఫీజు లేదు.

తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ పిల్లవాడు. తమిళుల ఇల్లు. రహీం ఆయన ఆట చూసి శిక్షణకు రమ్మన్నారు. అంత దూరం రావడానికి డబ్బుల్లేవంటే, సైకిల్ అద్దెకు రోజుకు రూపాయి ఇచ్చి పిలిపించుకున్నారని బలరామే చెప్పుకున్నారు. ఆ పిల్లవాడు 1956లో మెల్‌బోర్న్‌లో ఆడాడు. 1962లో జకార్తాలో ఆడాడు. ఆ రూపాయి ఇచ్చిన రోజున అతను ఏదీ గెలవలేదు, ఏదీ నిరూపించలేదు. పిల్లవాణ్ని పెంచడమంటే ఇదేనని మాకనిపిస్తుంది. వాడు రుజువు చేసుకోకముందే నమ్మడం.

ఇంకో సంగతి. 1948 సెప్టెంబర్‌లో పోలీసు యాక్షన్ జరిగింది. మా దాదా తరం ఆ మాట గొంతు తగ్గించే పలికేది. నౌకరీలు పోయినవాళ్లు, ఊళ్లు వదిలి పట్నం చేరినవాళ్లు మా ఇళ్లల్లో ఉన్నారు. తొమ్మిదేళ్లు తిరక్కముందే ఆ హైదరాబాద్ నుంచి అజీజుద్దీన్, నూర్ మహమ్మద్, జుల్ఫికరుద్దీన్, బలరాం ఒలింపిక్స్‌లో దేశం చొక్కా తొడుక్కున్నారు. దేశం మీద ప్రేమ ఉందా లేదా అని వాళ్లకు పరీక్ష పెట్టి ఎంపిక చేయలేదు. బంతి ఆడగలరా అని చూశారు.

మాకు మాత్రం పరీక్ష వేరే ఉండేది. క్రికెట్ మ్యాచ్ అయిన మర్నాడు బడిలో "నిన్న నువ్వెవరి దిక్కురా?" అని అడిగేవాళ్లు. మేం జవాబు ఇంటి దగ్గరే తయారు చేసుకుని పోయేవాళ్లం. అవసరమైనదానికన్నా గట్టిగా చెప్పేవాళ్లం. అప్పుడు జుల్ఫికరుద్దీన్ పేరు తెలిసుంటే ఇంకోలా చెప్పేవాళ్లమేమో. మా పాఠ్యపుస్తకంలో ఆ పేరు లేదు. మా పెద్దలూ చెప్పలేదు. ఈ తప్పు పూర్తిగా పరాయివాళ్ల మీద వేయలేం.

1990 డిసెంబర్‌లో పట్నం తగలబడింది. కర్ఫ్యూ. సడలింపు ఇచ్చిన గంటా రెండు గంటల్లో పెద్దవాళ్లు పాలకూ బియ్యానికీ ఉరికేవాళ్లు. మేం మైదానానికి ఉరికేవాళ్లం. కర్ఫ్యూ ఎత్తేశాక మా గోల్‌కీపర్ రాలేదు. వాళ్లింటివాళ్లు గల్లీ ఖాళీ చేసి వేరే బస్తీకి పోయారు. అటునుంచి మావాళ్లు కొందరు భయపడి ఇటు వచ్చారు. కొన్ని రోజుల్లోనే జట్టు మళ్లీ నిండింది. పదకొండు మందీ ఒకేరకం పేర్లవాళ్లం. చాచా ఆరోజు ఆట ఆడించలేదు. మా అందరినీ లెక్కపెట్టి, మళ్లీ లెక్కపెట్టి, నెమ్మదిగా ఇంటికి పోయాడు.

మా ఆపా సంగతి కూడా చెప్పాలి. మాకన్నా రెండేళ్లు పెద్దది. గల్లీలో మా అందరికన్నా ఆమె ఎడమకాలు మేలు. గుడ్డపీలిక లేకుండానే ఉల్టా కాలితో కొట్టేది. పదకొండో ఏట "ఇంక చాలు" అంది అమ్మీ. ఆరోజు నుంచి ఆపా గడప లోపల, మేం మైదానంలో. మేం ఒక్కమాట అనలేదు. మా మీద జరిగిన అన్యాయాల పట్టీ రాసేటప్పుడు మేం చేసిన దీన్ని ఎక్కడ రాయాలి?

తర్వాత మేం కాలేజీ, అటునుంచి పత్రికా డెస్కు. ఉర్దూ, ఇంగ్లీషు వార్తలు తెలుగు చేసే పని. బడిలో నవ్వులపాలైన రెండు కాళ్లే మాకు జీతం తెచ్చిపెట్టాయి. ఆ పనిలోనే 2011లో ఒక ఫ్రాన్స్ వార్త మా టేబులు మీదికొచ్చింది. 2010 నవంబర్‌లో అక్కడి ఫుట్‌బాల్ సమాఖ్య పెద్దలు కూర్చుని, శిక్షణ కేంద్రాల్లో రెండు దేశాల పౌరసత్వం దొరికే పిల్లల సంఖ్యకు హద్దు పెట్టడం గురించి మాట్లాడుకున్నారట. పన్నెండు, పదమూడేళ్ల పిల్లలు. మనం నేర్పితే రేపు వాళ్ల తాతల దేశానికి పోయి ఆడతారేమోనని బెంగ. పిల్లల్లో ఎక్కువమంది నల్లవాళ్లు, అరబ్బుల బిడ్డలు. మీడియాపార్ట్ అనే పత్రిక బయటపెట్టడంతో గొడవైంది. ఆ హద్దు అమలుకాలేదు. అదే 2011లో పారిస్ దగ్గరి క్లేర్‌ఫోంటేన్ శిక్షణ కేంద్రంలో కిలియన్ ఎంబాపె అనే పన్నెండేళ్ల పిల్లవాడు చేరాడు. తండ్రిది కామెరూన్, తల్లిది అల్జీరియా మూలం. 2018లో ఫ్రాన్స్‌కు ప్రపంచ కప్పు తెచ్చినవాళ్లలో అతనొకడు.

అదే 2018 జులైలో మెసుత్ ఓజిల్ వార్త తెలుగు చేశాం. జర్మనీలో టర్కీ మూలాల కుటుంబంలో పుట్టి, షాల్కే క్లబ్బు యువజట్టులో ఎదిగి, 2014 ప్రపంచ కప్పు గెలిచిన జట్టులో ఆడినవాడు. టర్కీ అధ్యక్షుడితో ఫొటో దిగాడని రచ్చ. ఆ ఫొటో మాకూ నచ్చలేదు. కానీ జట్టు వదులుతూ అతను అన్నమాట మా చేతిలో కలాన్ని ఆపింది. గెలిస్తే జర్మన్‌ని, ఓడితే వలసవచ్చినవాణ్ని అన్నాడు. తెలుగులోకి తేవడానికి మాకు నిఘంటువు అవసరం పడలేదు.

ఇక ఇవాళ్టి మాట. ఆపా కొడుక్కి పన్నెండేళ్లు. తల్లి ఎడమకాలే వచ్చింది వాడికి. మొన్న ఒక అకాడమీ సెలెక్షన్‌కు ఆపా, మేం కలిసి తీసుకుపోయాం. నెలఫీజు ఆపా ఇంటి కిరాయికి దగ్గర్లో ఉంది. బూట్లు, డ్రెస్సు వేరే. ముందు కాగితాలడిగారు. పుట్టిన సర్టిఫికెట్‌లో మహమ్మద్. బడిలో ఎండీ. ఆధార్‌లో ఇంకో స్పెల్లింగు. బల్ల వెనకాయన మూడూ చూసి, "మీవాళ్లందరిదీ ఇదే లొల్లి" అన్నాడు. కోపంగా అనలేదు. అలవాటుగా అన్నాడు.

కాగితం ఎందుకడుగుతారో మాకు తెలుసు. వయసు దొంగతనం ఉంది. పదహారేళ్లవాణ్ని పదమూడని ఆడిస్తే నిజంగా పదమూడేళ్లున్నవాడికి అన్యాయం. అందుకే 2009 నుంచి ఫిఫా తన పదిహేడేళ్లలోపు ప్రపంచ కప్పులో మణికట్టు ఎముకను స్కాన్ తీసి చూస్తోంది. ఎముక మహమ్మదా, ఎండీనా అని చెప్పదు. ఇంకో చిక్కు కూడా ఉంది. వయసు విభాగాలను జనవరి 1 నుంచి లెక్కవేస్తే, జనవరిలో పుట్టినవాడు డిసెంబర్‌లో పుట్టినవాడికన్నా దాదాపు ఏడాది పెద్ద. కాస్త పొడుగు, కాస్త బలం. వాణ్నే తీసుకుంటారు. ఎన్నో దేశాల అకాడమీల్లో ఇదే జరుగుతోంది. మావాడు డిసెంబర్‌వాడు. పక్కనున్న పిల్లల భుజాల దాకా వస్తాడు.

2019 చివర్లో పౌరసత్వ చట్టం వచ్చినప్పుడు మా గల్లీలో ప్రతి ఇంట్లో ట్రంకుపెట్టెలు తెరిచి కాగితాలు వెతుక్కున్నారు. ఆ బల్ల ముందు ఆపా ముఖంలో ఆనాటి భయమే చూశాం. ఆటకు వచ్చిన పిల్లవాడి ముందు ఆ భయం పడకూడదని ఆమె సంచి సర్దుకుంటున్నట్టు తల వంచుకుంది.

వాణ్ని ఆడించారు. కోచ్ కుర్రవాడు, మంచివాడిలాగే ఉన్నాడు. కాగితాలు సరిచేసి తెమ్మన్నారు, కబురు చేస్తామన్నారు. ఇంకా కబురు రాలేదు. రాకపోతే కారణం ఆట కావచ్చు, పొడుగు కావచ్చు. అన్నిటికీ మా పేరే కారణమని మేం చెప్పం. అయితే ఏది కారణమో ఎన్నటికీ తేల్చుకోలేకపోవడం కూడా ఒక బరువు. ఆ బరువు అవతలి పిల్లలకు లేదు.

మేం అడుగుతున్నది పెద్దదేం కాదు. ఒక మైదానం, సర్కారు బడిలో ఒక ఆట పంతులు, ఆట చివర ఒక నౌకరీ. రహీం సాబ్ కాలంలో ఈ పట్నం దగ్గర ఇవి ఉన్నాయి. ఇవి పోయాక మా పిల్లలకు ఆట రాదన్నారు. జట్టును డబ్బుతో తెచ్చుకోవచ్చు. 2019లో వచ్చిన హైదరాబాద్ క్లబ్బు 2022 మార్చిలో ఐఎస్ఎల్ కప్పు గెలిస్తే మేమూ పత్రికాఫీసులో చప్పట్లు కొట్టాం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయింది. మైదానం అట్లా తరలిపోదు. ఆక్రమిస్తే తప్ప.

మా పట్నం హబీబ్ కలకత్తాకు పోయి బడే మియాఁ అయ్యారు. 1977లో పేలే ఆడిన కాస్మాస్ జట్టు మీద మోహన్ బగాన్ తరఫున గోల్ కొట్టారు. జంషెడ్‌పూర్ టాటా అకాడమీలో పిల్లలకు ఆట నేర్పారు. 2023 ఆగస్టు 15న ఇక్కడే కన్నుమూశారు. ఆరోజు మా డెస్కులో పాతికేళ్ల పిల్లలు "ఎవరు సార్ ఈయన?" అని అడిగారు. వాళ్లలో మావాళ్లూ ఉన్నారు, మీవాళ్లూ ఉన్నారు. కూర్చోబెట్టి చెప్పాం. చెప్పకపోవడం మా తప్పేనని ముందే ఒప్పుకున్నాం కదా.

రేపు పేరు సరిచేయించడానికి ఆపా, మేం మున్సిపల్ ఆఫీసుకు పోతున్నాం. భాంజా మాత్రం ఫజర్ కాగానే మైదానానికి పోతున్నాడు. వాడి ఎడమకాలు పుట్టుకతో వచ్చింది కాబట్టి, ఆపా నిన్న పాత దుపట్టా చింపి ఆ కాలికే కట్టింది. కుడికాలితో ఆడమంది. వాడికి కోపమొచ్చింది. "ఎందుకమ్మీ, నాకు ఈ కాలు బాగానే ఉంది కదా" అన్నాడు. రెండోది కూడా నీదే బేటా అంది ఆపా.