కథ ఏ సంవత్సరం సార్?

ఫిల్మ్‌నగర్ నుంచి షేక్‌పేట వైపు దిగే దారిలో ఒక టైర్ల షాపుంది. అక్కడికి పాత కారు వస్తే మేస్త్రి మొదట టైరు సైజు అడగడు. "కథ ఏ సంవత్సరంల నడుస్తది సార్?" అంటాడు. నేను వెళ్లిన రోజు అంబాసిడర్ తెచ్చిన ఆర్ట్ అసిస్టెంట్ "1961 అన్నా, మద్రాసు" అన్నాడు. మేస్త్రి లోపలికి వెళ్లి నాలుగు వెడల్పాటి తెల్ల రబ్బరు రింగులు తెచ్చి బల్లమీద పరిచాడు. పదిహేను అంగుళాల డిస్కుకి సరిపోయేవి.

మద్రాసు నుంచి తెలుగు సినిమా పరిశ్రమ ఇక్కడికి తరలివచ్చింది. అక్కినేని అన్నపూర్ణ స్టూడియోస్ 1976లో వెలిసింది. కథలు మాత్రం మద్రాసుకి వెళ్తూనే ఉంటాయి. 2018లో వచ్చిన 'మహానటి' లాంటి సినిమా తియ్యాలంటే ఆనాటి వీధినీ, ఆ వీధిలో తిరిగిన కార్లనూ మళ్లీ నిలబెట్టాల్సిందే.

మేస్త్రి ప్రశ్న వెనక పెద్ద చరిత్రే ఉంది. తొలి రోజుల్లో రబ్బరులో జింక్ ఆక్సైడ్ కలిపేవారు కాబట్టి టైరు మొత్తం తెల్లగానే ఉండేది. కార్బన్ బ్లాక్ కలిపితే అరుగుదల తగ్గుతుందని తెలిశాక, 1910ల్లో రోడ్డుకి తగిలే భాగం నల్లబడింది, పక్కలు తెల్లగా మిగిలాయి. ఆ తెలుపే తర్వాత సోకైంది. 1950ల అమెరికా కార్లకు వెడల్పాటి పట్టీ ఉండేది. 1962 వచ్చేసరికి అది అంగుళం దరిదాపుల్లోకి సన్నబడింది. అంబాసిడర్ 1957 నుంచి 2014 దాకా తయారైనా రూపం పెద్దగా మారలేదు. అందుకే ముందు జాలీ, బంపర్, టైర్లు కాలాన్ని చెప్పాలి. ఈ సంగతి ఎరిగిన మనిషి ఒక టైర్ల షాపులో ఉండటం మన సినిమా అదృష్టమని నా నమ్మకం.

మేస్త్రి చక్రం ఊడదీసి, వాల్వ్ పిన్ను తిప్పి గాలంతా వదిలాడు. టైరు బీడ్, అంటే డిస్కుని పట్టుకునే లోపలి అంచు, డిస్కు నుంచి విడేదాకా నొక్కి, చుట్టూ సబ్బునీళ్లు పూశాడు. రింగు లోపలి అంచుని బీడ్‌కీ డిస్కుకీ మధ్య దోపాడు. గాలి పడితే బీడే దాన్ని బిగించి పట్టుకుంటుంది, జిగురుతో పనిలేదు. కానీ గాలి ఒక్కసారిగా కొట్టడు. కాస్త కొట్టి, వేలితో చుట్టూ తడిమి, ఒకచోట రింగు లోపలికి జారిందని గాలి తీసేసి మళ్లీ సర్దాడు. చక్రాన్ని బండికి బిగించాక, తెల్ల అంచు పక్కనే సుద్దముక్క కదలకుండా పట్టుకుని చక్రం తిప్పాడు. మధ్యలో సందు పెరిగితే రింగు పక్కకి కూర్చున్నట్టే. కెమెరాని నేలకి ఆనించి తీసే షాట్‌లో ఆ వంకర ఇట్టే దొరికిపోతుంది.

కొందరు తెల్ల రంగు పూసి సరిపెడతారు. టైరు పక్కభాగం వంగినప్పుడల్లా రంగు పగులుతుంది. పక్కలు తెల్లగానే తయారయ్యే అసలైన వైట్‌వాల్ టైర్లను అమెరికాలో కోకర్ టైర్ లాంటి కంపెనీలు ఇప్పటికీ అమ్ముతున్నాయి గానీ, నాలుగు రోజుల షూటింగ్‌కి అంత ఖర్చెందుకు? రింగే నయం.

అయితే దానికీ హద్దుంది. రేడియల్ టైరు పక్కభాగం నడుస్తున్నప్పుడు బాగా ఊగుతుంది. రింగు కింద చేరిన ఇసుక ఆ ఊపుకి రబ్బరుని అరగదీస్తుంది. వేగం పెరిగితే అంచు కిందికి గాలి దూరి రింగు కొట్టుకుంటుంది. పాత పద్ధతి క్రాస్‌ప్లై టైరు గట్టిగా ఉంటుంది కనుక దానికి ఈ బెడద తక్కువ. ఈ బండికి ఉన్నవి రేడియల్సే.

"ఔటర్ రింగ్ రోడ్డు మీద ఒక షాటుంది అన్నా" అన్నాడు ఆర్ట్ అసిస్టెంట్ కుర్రాడు.

"రింగులతోని అంత దూరం నడపొద్దు సార్. బండిని ట్రక్కు మీద ఎక్కించుకపోండి, షాట్ల మెల్లగ తిప్పుండి. పని అయిపోంగనే తీస్కరండి, విప్పి టైర్లు చూస్త."

కుర్రాడు అక్కడే నిలబడి ట్రక్కు కోసం ప్రొడక్షన్ మేనేజర్‌కి ఫోన్ చేశాడు.