నాన్న అంబాసిడర్‌కు బ్రేకుల ఖర్చు

నోయిడాలో స్థిరపడిన ఆ విశ్రాంత ఉద్యోగికి కుడి మోకాలు అరిగిపోయింది. తండ్రి ఇచ్చిపోయిన 1972 మార్క్ 2 అంబాసిడర్‌ను ఆపాలంటే బ్రేకు మీద ఒంటి బరువంతా మోపాలి. నాలుగు చక్రాలకూ డ్రమ్ములే. కాలి బలం తప్ప వేరే ఆసరా లేదు. బండి అమ్మడం ఆయన వల్ల కాలేదు. గడువు తీరిన ఫిక్స్‌డ్ డిపాజిట్ నుంచి 90 వేలు తీసి పవర్ బ్రేకుల కోసం పక్కన పెట్టారు.

కశ్మీరీ గేట్ విడిభాగాల బజారులో అడిగితే ముందు చక్రాలకు డిస్కులు, బూస్టర్, కొత్త మాస్టర్ సిలిండర్, కూలీ కలిపి 80 వేలన్నారు. ఇంజిన్‌కూ క్యాబిన్‌కూ మధ్యనున్న రేకు కోయాలట.

ఆ కోత దగ్గరే ఆయన ఆగిపోయారు.

పదిహేనేళ్లు దాటిన పెట్రోలు బళ్లు నోయిడాతో సహా రాజధాని ప్రాంతంలో తిరగకూడదన్న జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. యాభై ఏళ్లు దాటిన బళ్లకు మాత్రం 2021 కేంద్ర నిబంధనలు వేరే దారి చూపాయి. ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చకుండా అసలు రూపంలో ఉంటే 20 వేల రుసుముతో పదేళ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ దొరుకుతుంది. రోజువారీ తిరగడానికి కాదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, మరమ్మతుకు, పెట్రోలుకు తీయవచ్చు. ఢిల్లీలో 1964 నుంచి స్టేట్స్‌మన్ ర్యాలీ జరుగుతోంది. ఏడాదికి నాలుగైదు సార్లు బయటికొచ్చే బండి కోసం 80 వేలు పోసి, పైగా ఆ రిజిస్ట్రేషన్‌కే ఎసరు తెచ్చుకోవడం ఆయనకు రుచించలేదు.

అయినా తొందరపడ్డారు. మాయాపురి పాత ఇనుము బజారులో 3,500కు ఓ బూస్టర్ కొన్నారు. బూస్టర్ చేసే పని ఇది: ఇంజిన్ గాలిని పీల్చుకోవడం వల్ల లోపలి డయాఫ్రమ్‌కు ఒకవైపు పీడనం తగ్గుతుంది, పెడల్ నొక్కగానే రెండోవైపుకు బయటి గాలి వచ్చి నెడుతుంది. కొన్నదానిలో ఆ రబ్బరు డయాఫ్రమ్ అరచేతి పొడవున చిరిగి ఉంది. ఆ డబ్బు పోయినట్టే.

ఈసారి నమ్మకమైన మెకానిక్ అసలు విషయం చెప్పాడు. బూస్టర్ కాలి శ్రమను తగ్గిస్తుంది కానీ అరిగిన లైనింగును బాగుచేయదు. చక్రం దగ్గర సిలిండర్ కారుతుంటే, గట్టిగా నెట్టేకొద్దీ ఎక్కువ కారుతుంది. పైగా పాత అంబాసిడర్‌లో నాలుగు చక్రాలకూ ఒకటే ఆయిల్ లైను. ఎక్కడ పగిలినా పెడల్ నేలకు ఆనుతుంది. అందుకే ముందు వీల్ సిలిండర్లు, లైనింగులు, గొట్టాలు అన్నీ మార్పించారు: 16 వేలు. హ్యాండ్‌బ్రేకు కేబుల్ కూడా అందులోనే.

తర్వాత, పెడల్ జోలికి వెళ్లకుండా ఆయిల్ లైను మధ్యలో అమర్చే బూస్టర్, అంటే రిమోట్ సర్వో: 24 వేలు. కావాలంటే ఒక్క పూటలో విప్పేసి పాత పద్ధతికి తేవచ్చు. రిజిస్ట్రేషన్ రుసుము, మాయాపురి నష్టం కలిపి లెక్క 63,500కు చేరింది. మిగిలిన 26,500 టైర్లకు, బీమాకు ఉంచారు.

ఆదివారం పార్కింగులో కూతురు సీట్లో కూర్చుంది. ఇంజిన్ ఆపి ఉండగానే పెడల్ నాలుగుసార్లు నొక్కి, కాలు అలాగే అదిమిపెట్టి స్టార్ట్ చేసింది. పెడల్ బొటనవేలి వెడల్పున మెత్తగా కిందికి జారింది.

"దిగింది నాన్నా!"

ఆయన తలుపు తెరిచి, ఆమెను పక్కకు జరగమన్నారు.