బైఠక్‌ఖానాలో బూడిదరంగు సోఫా

కలకత్తా నగరంలో, సియాల్దా రైల్వే స్టేషనుకు సమీపంగా, బైఠక్‌ఖానా అనే పేరుగల పేట ఒకటి ఉన్నది. బైఠక్‌ఖానా అంటే పదిమంది కూర్చునే గది అని అర్థం. కాని ఆ పేటకు ఆ పేరు తెచ్చింది గది కాదు, ఒక మర్రిచెట్టు. దూరప్రాంతాల నుండి సరకులతో వచ్చిన వర్తకులు ఆ చెట్టునీడన దిగి, ప్రయాణపు బడలిక తీర్చుకుని, మాటామంతీ జరుపుకొనేవారట. 1690 ఆగస్టు 24వ తేదీన సుతానుటి రేవులో దిగిన కంపెనీ ఉద్యోగి జాబ్ చార్నాక్ కూడా ఆ నీడనే కూర్చుని హుక్కా పీల్చేవాడని ఐతిహ్యం. ఆయనను నగర స్థాపకుడుగా పరిగణించరాదని 2003లో కలకత్తా హైకోర్టు తీర్పు చెప్పింది గాని, చెట్టుకింది హుక్కాను ఆయన చేతినుండి ఎవరూ లాగుకోలేదు. చెట్టు పోయింది, పేరు నిలిచింది. బైఠక్‌ఖానాకు గోడలు లేకపోయినా ఫరవాలేదు. వచ్చినవాడు కూర్చోవడానికి చోటుంటే చాలునన్న భావం ఆ పేరులో ఇమిడి ఉన్నది.

శరత్‌బాబు నవలలను చక్రపాణిగారి తెలుగులో చదివినవారికి ఈ గది కొత్తది కాదు. వంగదేశపు గృహస్థుని ఇంటిలో వీథివైపు ఉండే మొదటి గది అది. తెలుగునాట ఇంటి ముందరి అరుగు చేసే పనిని, ఊరి నడుమ చావడి చేసే పనిని, కలకత్తాలో ఈ ఒక్క గదియే చేసేది. దానిలో ముఖ్యమైన వస్తువు తక్తపోష్. నాలుగు కాళ్ళమీద నిలిచిన వెడల్పాటి చెక్కబల్ల అది. దానిపై పలుచని పరుపు, పరుపుపై తెల్లని దుప్పటి, ఆనుకొనడానికి రెండు మూడు బాలీసులు. చాలా ఇండ్లలో దాని కాళ్ళక్రింద ఇటుకలు పెట్టేవారు. అడుగున ట్రంకుపెట్టెలు పట్టేవి. వానాకాలంలో వీథినీరు గుమ్మం దాటి వచ్చినా పరుపు తడిసేది కాదు. తక్తపోష్ మీద ఎందరు కూర్చోవచ్చునో ఎవరూ లెక్క చెప్పలేరు. అయిదుగురు కూర్చుని ఉండగా ఆరవవాడు వస్తే అయిదుగురూ కొంచెం జరుగుతారు. అంతే. సాయంకాలం మొదలై రాత్రి భోజనం వేళ దాటిపోయే ఆ నిష్ప్రయోజన సంభాషణకు వంగదేశంలో అడ్డా అని పేరు. కవి బుద్ధదేవ బసు దానిపై ఒక వ్యాసమే వ్రాశారు. 1935లో ఆయన ప్రారంభించిన ‘కవిత’ పత్రిక కార్యస్థానం, రాస్‌బిహారీ అవెన్యూలోని 202వ నంబరు ఇల్లు, అటువంటి సాయంకాలాలకే ప్రసిద్ధి చెందింది.

ఈ గదిలోకి సోఫా ఆంగ్లేయుల వెంట వచ్చింది. కాని దాని పుట్టుక ఆంగ్లదేశంలో కాదు. అరబ్బీ భాషలో సుఫ్ఫా అంటే కూర్చొనడానికి కట్టిన ఎత్తయిన తిన్నె. తివాసీ పరచి పలువురు ఆసీనులయ్యే ఆ తిన్నె తురుష్కుల ద్వారా ఐరోపాకు పోయి, అక్కడ వీపుకు ఆనుడు, చేతులకు దండెలు సంపాదించుకుని, వేరొక వస్తువై తూర్పుదేశాలకు తిరిగి వచ్చింది. దివాన్ అనే ఆసనం పేరు కూడా రాజసభ నుండి వచ్చిందే. అనగా తక్తపోష్, సోఫా దాయాదులు. ఒకటి ఇంటిలోనే ఉండిపోయింది, ఒకటి పరదేశం పోయి దండెలు తెచ్చుకున్నది. ఆ దండెలతోనే లెక్క మొదలయింది. రెండు దండెల నడుమ ముగ్గురికే చోటు.

పందొమ్మిదవ శతాబ్దంలో కలకత్తా ధనికులు ఈ కొత్త ఆసనాన్ని ఆదరంతో ఆహ్వానించారు. రాజా రాజేంద్ర మల్లిక్ 1835లో చోర్‌బగాన్‌లో నిర్మించిన మార్బుల్ ప్యాలెస్‌లో ఐరోపా విగ్రహాలు, నిలువుటద్దాలు, దీపవృక్షాలు నేటికీ ఉన్నవి. చూడవచ్చిన వారు నిలబడి చూచి పోతారు. జొడాసాంకోలో ద్వారకానాథ్ ఠాకూర్ తన అతిథులకోసం ప్రత్యేకంగా ఒక ఇల్లే కట్టించారు. ఆ అయిదవ నంబరు ఇంటికి బైఠక్‌ఖానా ఇల్లు అనే పేరు స్థిరపడింది. విశేషమేమంటే, ఆ ఇంటిలోనే పెరిగిన ఆయన మునిమనుమలు గగనేంద్రనాథుడు, అవనీంద్రనాథుడు ఇరవయ్యవ శతాబ్దపు తొలి దశకాలలో తమ గదినుండి విక్టోరియా కాలపు బరువైన సామానును తొలగించి, నేలకు దగ్గరగా ఉండే దేశీయ ఆసనాలను అమర్చుకున్నారు. 1902లో ఒకాకురా, 1903లో చిత్రకారుడు యొకొయామా తైకాన్ జపాను నుండి కలకత్తాకు వచ్చారు. తూర్పు దేశాల ఇంటికి తూర్పు దేశాల కూర్పే తగినదన్న ఆలోచన అప్పుడు గాలిలో ఉన్నది. ఆ అయిదవ నంబరు ఇల్లు నేడు లేదు. ప్రక్కనున్న ఆరవ నంబరు ఇంటిలో 1962లో రవీంద్రభారతి విశ్వవిద్యాలయం నెలకొన్నది.

ఇంతవరకు చెప్పుకొన్న కథలో తక్తపోష్ ఉదారమైనది, సోఫా లోభి. కాని ఈ కథలో ఒక లోపం ఉన్నది. ఆరవవాడు వచ్చినప్పుడు జరిగి చోటిచ్చిన ఆ అయిదుగురూ పురుషులే. ఇంటి స్త్రీలు లోపలి అంతఃపురంలో ఉండేవారు. టీ, తాంబూలం గుమ్మం వరకు వచ్చేవి, వాటిని పంపినవారు వచ్చేవారు కారు. ఠాకూర్ వంశంలోనే సత్యేంద్రనాథుని భార్య జ్ఞానదానందినీ దేవి 1860ల నాటికే గుమ్మం దాటి గవర్నరు జనరలు విందుకు వెళితే బంధువర్గం సిగ్గుతో తల వంచుకున్నది. రవీంద్రుని ‘ఘరే బాయిరే’ 1916లో పుస్తకంగా వెలువడింది. దానిలో విమల అంతఃపురం నుండి బైఠక్‌ఖానాకు నడిచివచ్చిన ఆ కొద్దిదూరమే కథ నంతటినీ కదిలించింది. సోఫాలు, కుర్చీలు గల కొత్త గది వచ్చిన తరువాతనే, అందులో భార్యాభర్తలు కలసి అతిథిని ఎదుర్కొనడం మర్యాద అనిపించుకున్నది. తక్తపోష్ మీద మఠం వేసుకున్న మగవారి నడుమ ఆమెకు చోటు లేదు. కుర్చీ మాత్రం ఒక మనిషికి ఒక చోటు అని ఒప్పుకున్నది. లెక్క పెట్టే ఆసనమే ఆమెను లెక్కలోకి తెచ్చింది.

ఈ రెండు న్యాయాలూ ఒకే గదిలో ఎదురుపడిన ఇల్లు ఒకటి ఢాకూరియా సరస్సుకు సమీపంలో ఉన్నది. భవానీపూరులోని పాత ఇంటిని పడగొట్టి అంతస్తులు కట్టగా, ఆ కుటుంబం కొంతకాలం క్రిందట ఈ మూడవ అంతస్తుకు వచ్చింది. ఎర్రని నునుపు నేల, ఆకుపచ్చ రేకుల కిటికీ తలుపులు వెనుక మిగిలిపోయినవి. కొత్త బైఠక్‌ఖానా పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పు. పెద్దాయన పదవీ విరమణ చేసిన అధ్యాపకుడు. ఆయనతోపాటు పాత తక్తపోష్, దానిక్రింది నాలుగు జతల ఇటుకలు కూడా వచ్చినవి. కోడలు పాఠశాలలో ఉపాధ్యాయిని. బౌబజారులో విపిన్ విహారీ గంగూలీ వీథి పొడుగునా ఉన్న సామాను దుకాణాలన్నీ రెండు ఆదివారాలు తిరిగి, తన జీతం సొమ్ముతో ఆమె ఒక సోఫాను కొన్నది. బూడిదరంగుది. మాసినా త్వరగా కనబడదని ఆమె చెప్పిన కారణం.

సోఫా గోడ ప్రక్కకు చేరగానే తక్తపోష్‌కు తావు లేదని తేలింది. పెద్దాయన ఆ మాటను నేరుగా అనలేదు. వేలితో సోఫా దండెను తట్టి, “బౌమా, దీనిమీద ముగ్గురు కూర్చుంటారు. నాలుగవవాడు వస్తేనో?” అని అడిగారు. బౌమా అంటే కోడలిని పిలిచే ముద్దుపేరు.

కోడలు టీ పళ్ళెం క్రింద పెట్టి, “బాబా, భవానీపూరులో నాలుగవవారు వచ్చారు, పన్నెండవవారు కూడా వచ్చారు. అందరికీ చోటు దొరికింది. ఇరవై యేండ్లు నేను ఈ పళ్ళెం పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను” అన్నది.

ఆ సాయంకాలం ఇంటిలో మరెవరూ ఎక్కువగా మాట్లాడలేదు.

కొడుకు మధ్యవర్తిగా గది అలంకరణను గురించి ఆలోచించడం మొదలుపెట్టాడు. అలంకరణ అంటే రంగుల మాట అనే అతడు అనుకున్నాడు. బూడిదరంగు మొదట చిక్కు పెట్టింది. తెల్లని గోడ ముందు, ఆషాఢపు మబ్బువేళ, అది తడిసిన సిమెంటు వలె కనిపించింది. అయితే బూడిదరంగు స్వభావమే అది: ఒంటరిగా ఉన్నప్పుడు దానికి ముఖం లేదు, ప్రక్కనున్న దానినిబట్టి ముఖం మారుతుంది. ఫ్రాన్సులో గొబెలాఁ వస్త్రశాలలో అద్దకపు శాఖకు అధిపతిగా ఉండిన రసాయనవేత్త షెవ్రెల్ 1839లో ప్రకటించిన గ్రంథంలో ఈ సంగతిని శాస్త్రంగా నిరూపించాడు. ఎరుపు ప్రక్కన బూడిదరంగు కొంచెం ఆకుపచ్చగా తోస్తుంది, పసుపు ప్రక్కన కొంచెం నీలి ఛాయ పొందుతుంది. వస్తువులో మార్పు లేదు, మార్చేది పొరుగు. వంగదేశీయునికి ఇది పరాయి రంగూ కాదు. గంగ ఒండ్రు ఎండితే ఆ రంగే; కుమార్‌టులీ వీథులలో రంగులు పడకముందు దుర్గాదేవి ఆ రంగులోనే నిలిచి ఉంటుంది. జామినీ రాయ్ (1887–1972) తన చిత్రాలకు ఏర్పరచుకొన్న ఏడు రంగులలో బూడిదరంగు ఒకటి. ఆయన ఎరుపూ పసుపూ అంతగా వెలగడానికి దాని సాయం కూడా ఉన్నది.

కనుక గోడకు గంధపు ఛాయ వేయించారు. నడినెత్తిన మండే తెల్లని దీపాన్ని తీసి, మూలలో పసుపు వెలుగు నిచ్చే దీపం పెట్టారు. సోఫా ఆనుడుపై అత్తగారు ఎన్నడో పాతచీరలు పొరలుగా పేర్చి కుట్టిన కాంథా దుప్పటి పడింది. దాని అంచు ఎరుపు. బాంకుడా జిల్లా పాంచ్‌మురా కుమ్మరులు కాల్చిన మట్టిగుర్రం కిటికీ దగ్గర చేరింది. నేలపై మేదినీపూరు తుంగచాప. జూన్ నుండి సెప్టెంబరు వరకు కలకత్తా గోడలు చెమరుస్తవి కాబట్టి, సోఫాను గోడకు జానెడు దూరం జరిపారు. లేకపోతే వెనుక గుడ్డకు బూజు పడుతుంది. ఇంత చేసినా గది ఒక చక్కని పటం వలె ఉన్నదే గాని, పెద్దాయన మిత్రులు వచ్చి, చెప్పులు విడిచి, సోఫా కొసలమీద బిగిసి కూర్చుని, పావుగంటలో లేచిపోతున్నారు.

పరిష్కారం కోడలికే తోచింది. ఒక ఆదివారం ఉదయం ఆమె లోపలి గదిలో మూలపడిన తక్తపోష్ క్రిందినుండి ట్రంకుపెట్టెలు లాగించి, కాళ్ళక్రింది ఇటుకలు తీయించింది. మూడవ అంతస్తుకు వీథినీరు రాదు కదా! ఇటుకలు పోగానే అది సోఫాకు సమానమైన ఎత్తుకు దిగింది. దానిని బైఠక్‌ఖానాలో కిటికీ వెంబడి వేయించి, సోఫాను దానికి ఎదురుగా, తలుపుప్రక్కకు మార్చింది. మధ్య రెండు వెదురు మోడాలు. టీ బల్ల గదినుండి బయటకు పోయింది. పళ్ళెం ఇప్పుడు చాపమీదనే దిగుతుంది, ఎవరికి కావలసిన గ్లాసు వారే అందుకొంటారు. పెద్దాయన ఇటుకలను చూచి, “అరవై యేండ్లు నేను ఇంత ఎత్తున కూర్చున్నానా!” అన్నారు. కోడలు జవాబు చెప్పలేదు. ఆ సాయంకాలం నలుగురు వచ్చారు. వారిలో ఒకరి భార్య కూడా వచ్చింది. కోడలు సోఫాలో ఒక కొసన కాళ్ళు పైకి ముడుచుకుని కూర్చున్నది. ఈ సంవత్సరపు ఇలిష చేప ధర దగ్గర ప్రారంభమయిన వాదం ఎక్కడెక్కడికో పోయింది. అందులో ఆమె మామగారి మాటను రెండుసార్లు ఖండించింది, ఒకసారి గెలిచింది.

గృహాలంకరణను గురించి వెలువడే పుస్తకాలు బూడిదరంగు సోఫాకు ఏ తెర తగునో, ఏ దిండు నప్పునో చెపుతవి. అవి తెలుసుకోదగినవే, రంగు తప్పితే గది కంటికి నొప్పి. కాని గదిలో ఏయే వస్తువులు ఉన్నవో చూడడానికి ఒక చూపు చాలు, ఎవరు నిలబడి ఉన్నారో చూడడానికి కొన్ని తరాలు పట్టింది. పాత బైఠక్‌ఖానా తెరచిన తలుపును ఇచ్చింది, కొత్త గది ఆడమనిషికి ఆసనమిచ్చింది. రెండింటిలో దేనిని వదులుకొన్నా గది చిన్నదే అవుతుంది, పది అడుగులైనా ఇరవై అడుగులైనా. కొనదలచిన సోఫా పొడవును గోడతో కొలిచే ముందు, ఆ ఇంటికి వచ్చేవారిని, ఆ ఇంటిలో టీ తెచ్చేవారిని ఒకసారి లెక్కించుకొనడం మంచిది.