ఉద్దానములో స్టోరీబోర్డు

పలాస స్టేషనులో దిగి కాశీబుగ్గ దాటి, జీడిపప్పు కార్ఖానాల వాసన వెనుకబడునంతలో, వజ్రపుకొత్తూరు మార్గము కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల సీమయగు ఉద్దానము నడుమకు ప్రవేశించును. 2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను నేలగూల్చిన తోటలలో రైతులు మరల నాటిన మొక్కలు ఎదిగియున్నవి. ఆ తోటల చాటున నొక పల్లెలో, హైదరాబాదు స్టూడియో యొకదాని టెలివిజన్ బొమ్మల ధారావాహికలకు స్టోరీబోర్డులు, అనగా దృశ్యక్రమమును ముందుగా చూపు బొమ్మల వరుసలు, గీయు యువకుడు ఇంటినుండియే పని చేయుచున్నాడని విని, ఆ విద్యను ప్రత్యక్షముగా చూడగోరి వెళ్లితిని.

“మా గుంటడు రోజల్లా బొమ్మలే గీస్తాడు బాబూ, అదే ఉజ్జోగమంట” అని వాకిటనే అతని తల్లి చెప్పినది. ఆ మాటలో ఆశ్చర్యమును గర్వమును సమముగా నుండెను.

అతడు ఆ దినమున గీయుచున్న ఘట్టమునకు రచయిత వ్రాసినది ఒక్క వాక్యమే: పిల్లవాడు చెట్టెక్కి భయపడెను. ఆ వాక్యమును అతడు ముందుగా కాగితముపై బొటనవ్రేలి గోరంత బొమ్మలుగా విభజించి, కుదిరిన వానిని పెన్ టాబ్లెట్‌పై పెద్దవిగా గీసి, ప్రతి చట్రము క్రింద చర్యను, సంభాషణను, కెమెరా కదలికను వ్రాయుచుండెను. “కిందనుంచి చూపిస్తే పిల్లాడు చిన్నగా అయిపోతాడండి. పైనుంచి చూపిస్తే నేల దూరమైపోద్ది. భయమని మళ్లీ చెప్పక్కర్లేదు” అని అతడు వివరించినప్పుడు, ఈ వృత్తికి హస్తకౌశలముకంటె ముఖ్యమైనది, చూపరి ఎచ్చట నిలిచి చూడవలెనో నిర్ణయించు వివేకమని నాకు బోధపడెను. ఈ చట్రములను పాత్రల కంఠధ్వనులతో వరుసగా కూర్చి, ఏ దృశ్యమెంతసేపు నిలువవలెనో సరిచూతురు. దానిని యానిమాటిక్ అందురు. పదకొండు నిమిషముల భాగమునకు వందలకొలది చట్రములు కావలెను. ఇచ్చట దొరలిన తప్పు రబ్బరుతో పోవును. యానిమేషన్ పూర్తియైన పిమ్మట బయటపడినచో అనేకుల శ్రమ వృథా యగును.

డిస్నీ స్టూడియోలో 1930వ దశకమున గోడకు గ్రుచ్చిన బొమ్మలతో స్థిరపడిన ఈ పద్ధతి మనకు క్రొత్తదేమియు కాదు. తన చలనచిత్రములకు దృశ్యములను ముందుగానే గీసికొనిన బాపు మనవాడే. హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ సంస్థ నిర్మింపగా 2008లో పోగో ఛానలున మొదలైన ఛోటా భీమ్‌తో, తెలుగు నేలపై బొమ్మల ధారావాహికల పని దేశమంతటి పిల్లల కన్నులకు చేరినది.

అతని అభ్యాసపుస్తకమును తిరుగవేయగా, టెక్కలి చేరువ తేలినీలాపురమున చెట్లపై వాలు గూడబాతులును, నౌపడ ఉప్పుమళ్లలో తట్టలు మోయువారును పుటపుటను కనబడిరి. బరువు మోయువాని మెడ, నడుము, మడమ ఎట్లు వంగునో చూచి నేర్చినవాడు గనుకనే, అతడు కల్పించిన పాత్రలు భూమిపై నిలిచి నడచుచున్నవి.

ఈ వృత్తిలో ఇతరుల బొమ్మలను సవరించు పనితో మొదలై, స్టోరీబోర్డు కళాకారుడై, పర్యవేక్షకుడై, దర్శకత్వమువరకు ఎదుగవచ్చును. అయితే గడువుల ఒత్తిడి, మరల మరల దిద్దుబాట్లు, ఒక ధారావాహిక ముగిసి మరియొకటి దొరకులోపలి ఆదాయశూన్యత, వీనికి ఓర్చుకొనవలెను. హైదరాబాదు జవహర్‌లాల్ నెహ్రూ వాస్తు, లలితకళల విశ్వవిద్యాలయమున యానిమేషన్ చదువును, విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయపు లలితకళల శాఖయు ఉన్నవి. నోటుపుస్తకపు అంచులలో బొమ్మలు గీయు పలాస, టెక్కలి బాలబాలికలను మందలించుటకు మారుగా, ఈ మార్గమున్నదనియు, దాని కష్టమిట్టిదనియు ఉపాధ్యాయులు చెప్పవలెనని నా మనవి. చూచినదానిని తెలిసి చూచు పిల్లవానికి ఉద్దానమే తొలి పాఠశాల. ఆ చదువునకు జీవనాధారమయ్యెడి యోగ్యత కలదని అతని పని నాకు రుజువు చేసినది.