దాచిన రోగము

గృహస్థుడు తన యింట దాచుకొనదగినవి కొన్ని గలవు, దాచరానివి కొన్ని గలవు. ధనమును దాచవచ్చును, దుఃఖమును దాచవచ్చును. గొడ్లచావడిలో పుట్టిన అంటురోగమును మాత్రము దాచరాదు. ఈ చిన్నమాటను మేము పుస్తకములలో చదివియు నేర్చుకొనలేదు, తప్పుచేసి నేర్చుకొంటిమి. ఆ తప్పును చదువరుల యెదుట నొప్పుకొనుటయే యీ వ్యాసమున కుద్దేశము.

మా స్వగ్రామము దివిసీమలోనిది. పిల్లల చదువునకై మేము బందరులో కాపురముందుము. పొలమును, పశువులును మా మేనత్తగారి పోషణలో నుండును. ఆరునెలల కొకమారు పశువైద్యశాలవారు ఊరికి వచ్చి గాలికుంటునకు టీకాలు వేయుదురు. 2019వ సంవత్సరమున దేశమంతట ఆరంభమైన పథకము ననుసరించి యీ టీకా ఉచితము. ఒక విడత వారు వచ్చినపుడు మేము గ్రామముననే యుంటిమి. ఇంట శుభకార్యము దగ్గరపడి యుండెను. టీకా వేసిన నాలుగుదినములు పాలు తగ్గునని యెవరో యనగా, మరుసటి విడతలో చూతమని చెప్పి వారిని వాకిటనుండియే పంపివైచితిమి. చావడి పని యంతయు జూచు మా మేనత్తగారిని వచ్చినవారును పిలువలేదు, మేమును అడుగలేదు. స్త్రీవిద్యను గూర్చి సభలలో మాటలాడు మాకు, ఇంటిలోని స్త్రీకి తెలిసిన విద్య యొకటి కలదని ఆ దినమున తోచనేలేదు!

శుభకార్యము ముగిసిన పిదప గుడివాడ ప్రాంతమునుండి ఒక చూడిగేదెను కొని, వ్యానులో నెక్కించి, పులిగడ్డ మీదుగా ఇంటికి దెప్పించితిమి. కొత్తగా వచ్చిన పశువును మూడు వారములైనను విడిగా కట్టవలెనని పశువైద్యులు చెప్పుదురు. మేము ఆ సాయంకాలమే దానిని తక్కినవానితో ఒకే కుడితితొట్టి యొద్ద కట్టించితిమి. మూడవనాటి యుదయమున మేనత్తగారు వచ్చి, "అబ్బాయీ, కొత్తగేదె నెమరు వేయడంలేదురా. నోట చొంగ తీగలాగ కారుతోంది. దాన్ని దూరంగా కట్టించు" అనిరి. "ప్రయాణపు బడలికలే అత్తయ్యా" అని మేము వార్తాపత్రిక విప్పుకొంటిమి.

అది బడలిక కాదు. మరునాటికి నాలుకమీద పొక్కులు చిట్లి చర్మ మూడిపోయెను. గిట్టల నడుమ పుండ్లు లేచెను. పశువు కాలు మోపలేక మూలుగుచుండెను. నాలుగుదినములలో మా పాత పాడిగేదెకును అదియే గతి పట్టెను. దాని దూడ తల్లి పొదుగు కుడుచుచు కుడుచుచునే కూలిపోయెను. గాలికుంటులో పెద్ద పశువులు చాలవఱకు బ్రదుకును. లేతదూడల గుండెకే యీ విషము తగులునని వైద్యులు తరువాత చెప్పిరి.

ఈ రోగమునకు మూలమగు వైరసు మిక్కిలి సూక్ష్మమైనది. బాక్టీరియాలను ఆపివేయు వడపోతగుండ కూడ ఇది జాఱిపోవునని 1898లో లోఫ్లర్, ఫ్రోష్ అను జర్మను శాస్త్రజ్ఞులు కనుగొనిరి. పశువుల రోగములలో వైరసువలన కలుగునని మొట్టమొదట తెలిసినది ఇదియే. చొంగలో, ఊపిరిలో, పాలలో, పేడలో, పాలుపితుకువారి చేతులలో, బండిచక్రములలో నిది ప్రయాణము చేయును. లక్షణములు పైకి కనబడకమునుపే ఇతర పశువుల కంటుకొనగలదు. దీనిని నిర్మూలించు మందు లేదు. పుండ్లు కడిగి, ఈగ వాలకుండ కాపాడి, మెత్తని మేత పెట్టుటయే చికిత్స. టీకాయే రక్ష, అదియు రోగము రాకముందే వేయవలెను.

ఇంతవఱకు మా అశ్రద్ధ. ఇక మా నేరమును చెప్పవలెను. పాలకేంద్రమువారు పాలు తీసికొనరేమో యనియు, ఊరిలో చిన్నతనమనియు దలచి, చావడి తలుపు వేయించి, ఎవరితోను అనవద్దని పాలేరునకు చెప్పితిమి. అతడు అనలేదు. కాని మా చావడి కడిగిన నీరు కాలువలోనికే పోయెను. అతడు అదే కాళ్లతో ఊరంతయు తిరిగెను. మా వీధి చివర నొక వితంతువు గలదు. ఆమె యాస్తి యొక్క గేదె. దాని పాలమ్మి డ్వాక్రా అప్పు వాయిదాలు కట్టుకొనుచుండెను. ఆ గేదెను ఆ కాలువకే తోలెను. పదిదినములలో దానికిని చొంగ కారజొచ్చెను, పాలింకిపోయెను.

ఆమె మా వాకిట నిలిచి కేక వేయలేదు, శాపనార్థములు పెట్టలేదు. "ముందే ఒక్కమాట చెప్పివుంటే నా గేదెను కాలవకి తోలకపోదును గదా బాబుగారూ" అని మాత్రమనెను. దానికి ప్రత్యుత్తరము మాకు దొరకలేదు. నేటికిని దొరకలేదు.

పూర్వము ముసరవ్యాధి యని యొకటి యుండెడిది. పెద్దరోగమనియు దాని పేరు. అది వచ్చిన యూర గొడ్లు గుంపులుగ జచ్చెడివి. అరక లాగిపోయెడిది, కరవు వచ్చెడిది. మన పెద్దలు పొలిమేరలలో పొలి చల్లి యమ్మవారిని వేడుకొనిరి. వారికి వేఱు తెరవు లేదు గనుక వారిని నిందింపరాదు. పిదప హిమాలయ ప్రాంతమున ముక్తేశ్వరములోని పరిశోధనశాలలో 1920వ దశకమున ఎడ్వర్డ్సు అను నతడు మేకలలో బెంచిన వైరసుతో టీకా సిద్ధపఱచెను. 1954లో దేశమంతట నిర్మూలన ప్రయత్న మారంభమయ్యెను. 1995 తరువాత మన దేశమున ఆ రోగము కనబడలేదు. 2011లో ప్రపంచముననే అది నశించినదని ప్రకటించిరి. మశూచి తరువాత భూమిమీదనుండి తుడిచివేయబడిన వైరసు రోగ మిది యొక్కటే. టీకా యొక్కటియే ఈ పని చేసినదా? కాదు. రోగము కనబడినచోటెల్ల ఎవరో యొకరు దాచక చెప్పిరి. తక్కినవారు వచ్చి చుట్టుముట్టిరి.

కోళ్ల విషయమును ఇట్టిదే. కొక్కెరతెగులునకు చుక్కలమందు గలదు. పిల్ల పుట్టిన వారమునకే కంటిలోనో ముక్కులోనో వేయవచ్చును. పెరటికోళ్ల కెందఱు వేయింతురు? 2025 ఫిబ్రవరిలో ఉభయగోదావరి జిల్లాల ఫారములలో బర్డుఫ్లూ బయలుపడినపుడు, రోగమున్న చోటునకు ఒక కిలోమీటరులోని కోళ్లను తీసివేయవలసి వచ్చెను. మన ప్రాంతమున కోతలైన మళ్లలో బాతుల మందలు ఊరూర తిరుగును. ఆ వైరసు బాతులలో పైకి కనబడకయే యుండగలదు. ఇట్టి సీమలో చచ్చిన కోడిని గోతిలో సున్నము చల్లి పూడ్చక కాలువలో విసరువాడు, దిగువనున్న గ్రామముల కెట్టి కానుక పంపుచున్నాడో యాలోచింపవలదా?

మేము ఆ వితంతువునకు మూడునెలల పాలవెల యిచ్చితిమి. ఆమె తీసికొనెను. గేదె బ్రదికినది. కాని యెండ కాయగానే రొప్పుచున్నది, చూడి నిలుచుటలేదు. ఈ రోగము విడిచిపోవునపుడు పెట్టిపోవు గుర్తు లివి. వానికి వెలకట్టుటెట్లు?

మొన్నటి విడతలో టీకాలవారు వచ్చినపుడు మా మేనత్తగారు మమ్మడుగలేదు. పలుపులు చేతబట్టుకొని తామే పశువులను వీధిలోనికి దెచ్చి నిలిపిరి. పిదప వీధి చివరకు నడచిపోయి, ఆ యింటి తలుపు కూడ తట్టిరి.