బోర్లించే వేళ

దోసె పెనానికి అతుక్కుంటే ఎవరికీ తెలీదు. మొదటి దోసె కదా అని సర్దిచెప్పుకుని పొయ్యి దగ్గరే నోట్లో వేసుకోవచ్చు. ఉప్మా అడుగంటితే పైపైన తీసి వడ్డించి, గిన్నెలో నీళ్లు పోసి పక్కన పెట్టేయొచ్చు. కేకుకి ఆ వెసులుబాటు లేదు. ఇల్లంతా వాసన కమ్ముకుంటుంది. ‘ఇంకా ఎంతసేపు’ అని పిల్లలు పదిసార్లు అడిగి ఉంటారు. అందరూ వంటింటి గుమ్మంలో చేరాక గిన్నె బోర్లించాలి. చక్కగా ఊడొస్తే చప్పట్లు. రాలేదా... సగం పళ్లెంలో, సగం గిన్నెలో! దాచడానికి చోటే ఉండదు.

ఒకప్పుడు మన ఇళ్లలో కేకంటే బేకరీదే. అవెన్ ఉన్న ఇల్లు వీధికొకటి కూడా కనిపించేది కాదు. మైసూర్‌పాక్ పాకం చూపుతోనే పట్టేసే ఇల్లాలు కూడా కేకు అనేసరికి ‘మనవల్ల కాదులే’ అనేసేది. 2020లో ఆ బెరుకు కాస్త తీరింది. మార్చి 25న లాక్‌డౌన్ మొదలైంది. బేకరీల షట్టర్లు పడ్డాయి. పుట్టినరోజులు మాత్రం ఆగవు కదా! ఫోన్లో వీడియో చూసుకుంటూ ఎంతోమంది అమ్మలు కుక్కర్‌లో కేకు పెట్టారు.

ఏలూరులో ఒక ఇంట్లో ఆ ఏప్రిల్‌లోనే పాపకి ఆరో పుట్టినరోజు వచ్చింది. నాన్న ఉద్యోగం బెంగళూరులో. నెలకోసారి వచ్చే మనిషి రైళ్లు ఆగిపోవడంతో అక్కడే చిక్కుకుపోయాడు. ‘కేకు కోసేటప్పుడు ఫోన్లో నేనూ ఉంటాను తల్లీ’ అని కూతురికి మాటిచ్చాడు. మాట ఆయనిచ్చాడు, భారం తల్లి మీద పడింది.

ఆమె అంతకుముందు ఎప్పుడూ కేకు చేయలేదు. అత్తగారు కూడా తింటారని గుడ్డు వేయకుండా పెరుగుతో పిండి కలిపింది. పాపకిష్టమని పంచదార కాస్త ఎక్కువే పోసింది. గుప్పెడు టూటీఫ్రూటీ కలిపింది. ఇంట్లో ఉన్న స్టీలు డబ్బాకి చేత్తో పొద్దుతిరుగుడు నూనె రాసి పిండి పోసింది. కుక్కర్ అడుగున ఉప్పు పరిచి, మూతకి రబ్బరూ విజిలూ తీసేసి, సన్నటి సెగ మీద ముప్పావుగంట ఉంచింది. పుల్ల గుచ్చితే శుభ్రంగా బయటికొచ్చింది. హమ్మయ్య అనుకుంది.

ఫోన్లో నాన్న. పక్కన పాప. కుర్చీలో అత్తగారు. పొగలు కక్కుతున్న డబ్బాని గుడ్డతో పట్టుకుని పళ్లెంలో బోర్లించి అడుగు మీద తట్టింది. కదల్లేదు. గట్టిగా కొట్టింది. చాకు దూర్చి కెలికింది. అప్పుడు పడింది, సగం. మిగతా సగం టూటీఫ్రూటీతో సహా డబ్బా అడుగునే ఉండిపోయింది.

పాప ఏడవలేదు. ‘నాన్నా, కేకు విరిగిపోయింది. నువ్వు పెట్టేసి మళ్లీ ఫోన్ చెయ్యి’ అంది. మళ్లీ చేస్తే అంతా మొదట్నుంచీ వస్తుందని దాని నమ్మకం. ‘రుచి బాగుంటే చాల్లే’ అన్నాడు నాన్న, ఓదార్పుగా. కానీ ఆయన అక్కడ, రుచి ఇక్కడ! విరిగిన వాటిలో పెద్ద ముక్క చూసి కొవ్వొత్తి గుచ్చారు. అందరూ పాట పాడారు. ఆ రాత్రి ఆమె మాత్రం ‘ఇక జన్మలో కేకు జోలికి పోను’ అనుకుంది. పోయింది కప్పున్నర మైదా కాదు. నాన్న లేని లోటు ఆ ఒక్క పూటైనా కనబడకూడదని ఆమె పడ్డ తాపత్రయం.

మర్నాడు నానబెట్టిన డబ్బాని పీచుతో రుద్దుతుంటే అత్తగారు వచ్చి పక్కన నిలబడింది.

‘అమ్మాయ్, మన దిబ్బరొట్టి ఎప్పుడైనా మూకుడుకి అతుక్కుందా?’

‘లేదత్తయ్యా.’

‘మా చిన్నప్పుడు కింద నిప్పు, మూత మీద నిప్పు పెట్టి కాల్చేవాళ్లు. ఇప్పుడు మీరు చేసే కేకూ అలాంటిదే కదా. మా కోనసీమలో పొట్టిక్కలకి పనసాకు బుట్టలు ఊరికే కుడతారా? పిండికీ గిన్నెకీ మధ్య ఏదో ఒకటి అడ్డం ఉండాలమ్మా. నువ్వు రాసిన నూనె పల్చన, కిందికి జారిపోతుంది. పేరిన నెయ్యి రాసి చూడు. అడుగున ఆకు లేకపోతే కాగితం వెయ్యి. ఇడ్లీలైనా దించగానే తీస్తే చిదురవుతాయి. కాస్త ఆరనివ్వవూ!’

ఆవిడ జీవితంలో కేకు చేసి ఎరగదు. అయినా చెప్పినదాంట్లో ఒక్క ముక్క కూడా పొల్లు లేదు.

గిన్నె గోడలు చూడ్డానికి నున్నగా ఉన్నా వాటి నిండా కంటికి కనిపించని గరుకులుంటాయి. వేడికి పిండిలోని మాంసకృత్తులు, గంజిపదార్థం గట్టిపడుతూ ఆ గరుకుల్లో పట్టు బిగిస్తాయి. పంచదార కరిగి పాకమవుతుంది. ఆరేకొద్దీ అది జిగురులా పట్టేస్తుంది. తీపి ఎక్కువైనకొద్దీ, పళ్లముక్కలు అడుక్కి దిగినకొద్దీ ఈ బెడద ఎక్కువ. గుడ్డు లేని కేకు కొంచెం పెళుసుగా ఉంటుంది కాబట్టి గట్టిగా తడితే చాలు, విరుగుతుంది. ఆ ఏలూరు వంటింట్లో ఇవన్నీ ఒకేసారి కలిసొచ్చాయి. చేతివాటం లేకపోవడం వల్ల జరిగింది కాదది!

మరి ఏం చేయాలి? ముందు గిన్నె సంగతి. అంచు లోపలికి మడిచి ఉన్న డబ్బా, మూతి కన్నా అడుగు వెడల్పున్న గిన్నె పనికిరావు. ఎంత బాగా కాలినా కేకు ఆ మడత దాటి రాలేదు. పల్చటి స్టీలుకి వేడి అంతటా సమానంగా పాకదు, ఒకచోట మాడి ఇంకోచోట పచ్చిగా ఉంటుంది. సొట్టలు లేని అల్యూమినియం కేకు టిన్ను నయం. కుక్కర్‌లో నీళ్లు లేకుండా వేడిచేయొద్దని తయారీదార్లు చెబుతుంటారు కాబట్టి మందపాటి పాత గిన్నెకి మూత పెట్టి వాడుకోవడం మేలు.

తర్వాత పూత. ఏడంగుళాల టిన్నుకి చెంచాడు పేరిన నెయ్యి సరిపోతుంది. అడుగు, గోడలు, ముఖ్యంగా అవి రెండూ కలిసే మూల వదలకుండా రాయాలి. వెన్న కూడా వాడొచ్చు కానీ అందులో 16 శాతం దాకా నీరుంటుంది. పాల పదార్థం మాడి అంటుకోనూ వచ్చు. నెయ్యితో ఆ గొడవ లేదు. పైన చెంచాడు మైదా చల్లి, టిన్ను తిప్పుతూ అంతటా పట్టించి, మిగిలింది దులిపేయాలి. చాక్లెట్ కేకైతే మైదా బదులు కోకో పొడి చల్లితే తెల్లమచ్చలు పడవు.

ఇక కాగితం. టిన్నుని కాగితం మీద పెట్టి పెన్సిల్‌తో గీత గీసి, గీతకి లోపలగా కత్తిరించి అడుగున పరవాలి. బటర్‌పేపర్ పేరుతో అమ్మేవన్నీ ఒకటి కావు. మైనం పూసినవి పొట్లాలకే, వేడికి మైనం కరుగుతుంది. బేకింగ్ పేపర్ అని అడిగి తెచ్చుకోవాలి. చేతికందింది కదా అని న్యూస్‌పేపర్ ముక్క మాత్రం వేయొద్దు. సిరా తిండిలోకి దిగుతుంది. న్యూస్‌పేపర్లో తినుబండారాలు చుట్టొద్దని దేశ ఆహార భద్రతా సంస్థ 2016లోనే హెచ్చరించింది.

టూటీఫ్రూటీని పొడిపిండిలో దొర్లించి, సగం పిండి పోశాక పైన చల్లితే అడుక్కి చేరడం తగ్గుతుంది.

నాన్‌స్టిక్ టిన్ను కొంటే సరిపోదా అంటారా? దాని కథ కూడా వంటింటి దాకా ఒక ఇల్లాలి వల్లే వచ్చింది. ఆ జారుడు పదార్థం 1938లో అమెరికా రసాయన శాస్త్రవేత్త రాయ్ ప్లంకెట్‌కి వేరే ప్రయోగంలో అనుకోకుండా దొరికింది. 1954లో ఫ్రాన్సు ఇంజినీరు మార్క్ గ్రెగ్వార్ దాన్ని చేపల గాలం సామగ్రికి పూస్తుంటే, ఆ పూతేదో వంటపాత్రలకి వేయమని భార్య సలహా ఇచ్చిందట. అలా పుట్టింది నాన్‌స్టిక్ పెనం. కానీ నాలుగుసార్లు చాకు గీతలు పడ్డాక దానికీ అతుక్కునే గుణం వస్తుంది. అందుకే దానిక్కూడా కాస్త నెయ్యి, చెక్క గరిటె తప్పవు.

అన్నిటికన్నా కష్టమైంది ఆగడం. పొయ్యి మీంచి దించిన కేకు పసిబిడ్డ లాంటిది, ఇంకా నిలదొక్కుకోదు. పది నిమిషాలు టిన్నులోనే ఉంచితే లోపల గట్టిపడి, అంచుల దగ్గర తనంతట తానే కొంచెం ముడుచుకుంటుంది. అప్పుడు పల్చటి చాకుని గోడకి ఆనించి చుట్టూ ఒక్కసారి తిప్పి, పళ్లెం మూసి బోర్లించాలి. అలాగని గంటసేపు మర్చిపోకూడదు. ఆవిరి నీరై అడుగు చెమ్మగిల్లుతుంది, పాకం బిగుసుకుంటుంది. ఒకవేళ మర్చిపోతే టిన్ను అడుగుని వేడినీళ్లలో ముంచి పిండిన తువ్వాలు మీద రెండు నిమిషాలు ఉంచితే పట్టు సడలుతుంది.

జూన్‌లో ప్రత్యేక రైళ్లు నడిచాక ఆ ఇంటి నాన్న తిరిగొచ్చాడు. పాప పుట్టినరోజు రెండోసారి చేశారు. ఈసారి నెయ్యి రాసింది అత్తగారు, కాగితం కత్తిరించింది పాప, గడియారం చూసింది నాన్న. కేకు మధ్యలో కాస్త కుంగింది. కానీ టిన్నులో పొడి కూడా మిగల్లేదు.

ఇంత చేసినా ఒక్కోసారి విరగొచ్చు. విరిగితే పారేయాల్సిన పనిలేదు. ముక్కలు గ్లాసుల్లో వేసి, పైన చల్లటి కస్టర్డ్, అరటిపండు ముక్కలు పొరలుగా వేస్తే అదే ట్రైఫిల్. పొడిపొడిగా అయిందా, కండెన్స్‌డ్ మిల్క్ కలిపి ఉండలు చుట్టి కొబ్బరికోరులో దొర్లించండి. అడిగితే కొత్తరకం లడ్డు అనండి. పిల్లలు మొదట తినేది దాన్నే.

కేకు ఊడిరావడానికి చిట్కాలు చాలానే ఉన్నాయి. కానీ ఆ వాసనకి టిన్ను చుట్టూ మూగిన పిల్లల్ని పది నిమిషాలు ఆపడం ఎలాగో ఏ అత్తగారూ ఇంతవరకూ చెప్పలేకపోయింది.